ఎవరికీ ఏం కాలేదు, సముద్రం చూడ్డానికి పోతున్నాం

పోయిన డిసెంబరులో ఒక మంగళవారం పొద్దున ఆరున్నరకు నేనూ మా ఆయనా గల్లీలో కారెక్కబోతున్నాం. పైన గ్యాలరీలో నిలబడి పళ్ళు తోముకుంటున్న పక్క ఖోలీ అత్తమ్మ అక్కణ్నుంచే కేకేసింది.

"ఏమైందే? ఎవరికి బాగలేదు?"

"ఎవరికీ ఏం కాలేదత్తమ్మా. అలీబాగ్ పోతున్నం, సముద్రం చూసొస్తం."

"ఎవరెవరు?"

"మేమిద్దరమే."

ఆమె బ్రష్షు నోట్లోంచి తీసి కాసేపు మమ్మల్నే చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "కొడుకుతోని ఏమన్న లొల్లయిందా?" అని అడిగింది.

నవ్వొచ్చింది గానీ, అందులో ఆమె తప్పేం లేదు. మా కామాఠీపురాలో ఒక వయసు దాటిన ఆలుమగలు పొద్దున్నే చేతిలో సంచి లేకుండా కలిసి బయల్దేరారంటే మూడే కారణాలుంటాయి. ఆస్పత్రి, చావు, లేకుంటే ఇంట్లో లొల్లి. పెండ్లికైతే సంచులుంటాయి, ఊరికైతే ఇంకా పెద్ద సంచులుంటాయి. ఊరికే ఇద్దరు మనుషులు ఒక రోజు ఎటో పోయి కూర్చుని రావడమనేది మాకు లెక్కలో లేదు. నలభై అయిదేండ్ల కాపురంలో మాకూ అదే మొదటిసారి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. ముంబైలో గానీ, భీవండిలో గానీ, సూరత్‌లో గానీ స్థిరపడ్డ మన ఇండ్లలో, ప్రతి ఇంటి పెద్ద జంటా ఏడాదికి ఒక్కరోజైనా వేరే ఎవరూ లేకుండా బయటికి పోవాలి. పిల్లలు పంపాలి, పెద్దలు పోవాలి. ఇది సోకు కాదు. మన ఇండ్లలో చాలా మాటలు చెప్పుకునే చోటు లేక లోపలే ఉండిపోయాయి. ఆ చోటు కోసం అడుగుతున్నాను.

నేను 1980లో నిజామాబాద్ జిల్లా నుంచి కోడలిగా వచ్చాను. మా ఆయన అప్పటికే పరేల్‌లో ఒక మిల్లులో పని చేస్తున్నాడు. ఉండేది వాళ్ళ చిన్నాయన ఖోలీలో. పది బై పన్నెండు. అందులో చిన్నమామయ్య, చిన్నత్తమ్మ, వాళ్ళ నలుగురు పిల్లలు, ఊరి నుంచి వచ్చి ఉంటున్న ఇద్దరు మనుషులు, మేమిద్దరం. ఎండాకాలం మగవాళ్ళంతా గ్యాలరీలోనో ఫుట్‌పాత్ మీదో పడుకునేవాళ్ళు. మాకని ఒక పాత చీరను పర్దా కట్టారు. పర్దా కళ్ళకే అడ్డం, చెవులకు కాదు. చాళ్‌లో పెరిగినవాళ్ళకు ఇంకేం చెప్పనక్కర్లేదు.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ వెనుక రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానేశారు. ఆ సమ్మె ఫలానా రోజు ముగిసిందని చెప్పడానికి కూడా లేకుండా పోయింది. జీతం లేకపోతే ముంబైలో పెండ్లాం పిల్లలను ఎవరు ఉంచుకుంటారు? మిల్లు వాళ్ళంతా ఆడవాళ్ళను ఊళ్ళకు పంపించేశారు. నన్నూ చంటిపిల్లతో ఊరికి పంపించాడు. రెండేండ్లు ఉన్నాను. నెలకో రెండు నెలలకో ఒక కార్డు వచ్చేది. "నేను క్షేమం. పని దొరికింది. పాప జాగ్రత్త." అంతే.

తిరిగొచ్చేసరికి ఆయన టాక్సీ నడుపుతున్నాడు. రాత్రి షిఫ్టు. పగలు ఆయన పడుకునేవాడు, పక్కనే నేను బీడీలు చుట్టేదాన్ని. రాత్రి నేను పడుకునేదాన్ని, ఆయన బండి మీద ఉండేవాడు. ఒకే ఖోలీలో ఉండి ఒకే సమయంలో మెలకువగా లేని ఏండ్లు ఎన్నో పోయాయి. ముప్పై ఏండ్లు కాలీపీలీ నడిపాడు, అదీ ప్రీమియర్ పద్మిని. ఎంతమంది కొత్త జంటలను మెరైన్ డ్రైవ్ తిప్పాడో, జుహూలో దించాడో ఆయనకే లెక్క తెలియదు. నేను ఆ టాక్సీ ఎక్కింది మూడు కాన్పులకు ఆస్పత్రికి పోయినప్పుడు, మా చిన్నత్తమ్మను తీసుకుపోయినప్పుడు. అన్నిసార్లూ వెనక సీట్లోనే.

అందుకే ఆ మంగళవారం కూడా కొడుకు కారు దగ్గరికి పోయి, అలవాటుగా వెనక తలుపు తీశాను.

"ఏం, మీటర్ ఎయ్యాల్నా?" అన్నాడు. "ముందట కూసో."

మజ్‌గావ్ మీదుగా శివ్డీ పోయి అటల్ సేతు ఎక్కాం. 2024 జనవరి 12న మొదలైన వంతెన ఇది. మొత్తం 21.8 కిలోమీటర్లు, అందులో 16.5 సముద్రం మీదే. రానుపోను టోలు కలిపి 375 రూపాయలు. మోటార్‌సైకిళ్ళను రానివ్వరు, నడుమ ఆగనివ్వరు. రెండు పక్కలా నీళ్ళే. మా ఆయన ఒక చెయ్యి స్టీరింగ్ మీద వేసి, ముప్పై ఏండ్లు ప్యాసింజర్లకు చూపించినట్టే నాకూ చూపించడం మొదలుపెట్టాడు. "అగో, అటు ఎలిఫెంటా. ఇటు బీపీటీ జెట్టీలు." చివరికి నేనూ ప్యాసింజర్‌నయ్యాను.

వంతెన దిగి, గణపతి విగ్రహాలకు పేరుపడ్డ పేణ్ దాటి, వడఖళ్ దగ్గర ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కుని, పదింటికల్లా అలీబాగ్ చేరాం. బీచ్ దగ్గర ఒక చాయ్ బండి. అతను మరాఠీలో ఎక్కణ్నుంచి వచ్చారని అడిగాడు. మామూలుగా మావాళ్ళు ఈ ప్రశ్నకు "ముంబై సెంట్రల్" అని చెబుతారు. మా అడ్రసు చెబితే అవతలివాళ్ళ మొహం ఎట్లా మారుతుందో మాకు తెలుసు. పిల్లల సంబంధాల దగ్గర, ఉద్యోగాల దగ్గర అందరం అట్లాగే చెప్పుకున్నాం. టాక్సీలో ముప్పై ఏండ్లూ ఈయనా అట్లాగే చెప్పాడు.

ఆ రోజు "కామాఠీపురా" అన్నాడు. అతను మాట్లాడలేదు. ఈయనే అందుకున్నాడు. కామాఠీ అంటే మావాళ్ళు, తెలుగోళ్ళు, పని చేసుకునేవాళ్ళు, మా పేరు మీదే ఆ పేటకు పేరొచ్చింది అని. ఆ చాయ్ అతనికి చెప్పినంత మా మనవలకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఇక్కడ మనందరం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ముంబై ఒకప్పుడు ఏడు దీవులు. వర్లీకీ మహాలక్ష్మికీ నడుమనున్న గండిలోంచి పోటు నీళ్ళు లోపలికొచ్చి నడుమ పల్లమంతా ముంచేసేవి. 18వ శతాబ్దం చివర గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో అక్కడ కట్ట పడింది. అదే హార్న్‌బీ వెల్లార్డ్, ఇప్పుడు హాజీ అలీ దగ్గరి లాలా లజపత్‌రాయ్ మార్గ్. ఆ కట్ట పడ్డాకే లోపలి బురదనేల ఆరింది. అట్లా ఆరిన పల్లంలోనే కామాఠీపురా లేచింది. అంటే మేం రోజూ చాప పరుచుకుని పడుకునే నేల ఒకప్పుడు పోటు నీళ్ళు తిరిగిన నేల. సముద్రం మీద పడుకుంటూ, సముద్రం దగ్గర కూర్చోవడానికి తీరిక లేకుండా తరాలు గడిపేశాం.

మన చరిత్ర చెప్పేటప్పుడు మావాళ్ళు కట్టిన బిల్డింగుల గురించి చెబుతాం. జోతీరావు ఫూలేకూ ఆయన సత్యశోధక సమాజానికీ ముంబైలో అండగా నిలిచిన తెలుగు కాంట్రాక్టర్ల గురించి చెబుతాం. చెప్పాల్సిందే, గొప్ప సంగతులే. కానీ ఆ చరిత్రలో అంతా పనే. పనీ, పండుగా, ఊరూ. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకున్న పూట ఒక్కటీ అందులో లేదు.

అలీబాగ్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. సినిమాలో చూపించే బీచ్ కాదు. ఎదురుగా నీళ్ళ నడుమ కొలాబా కోట. 1680లో శివాజీ మహారాజు మొదలుపెట్టించిన కోట అది, తర్వాత ఆంగ్రేల చేతికొచ్చింది. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోతే నడిచే పోవచ్చు. చీర కుచ్చిళ్ళు దోపుకుని, చెప్పులు చేత పట్టుకుని నడిచాం. లోపల గణపతి గుడి, తియ్యటి నీళ్ళ బావి ఉన్నాయి. చుట్టూ ఉప్పునీళ్ళుండగా నడుమ తాగే నీళ్ళు. పోటు మొదలయ్యేలోపు వెనక్కి రావాలని అక్కడివాళ్ళు చెబుతూనే ఉన్నారు, వచ్చేశాం.

తర్వాత సరుగుడు చెట్ల కింద గోడ మీద కూర్చున్నాం. పులిహోర తిన్నాం. ఎంతసేపు మాట్లాడకుండా కూర్చున్నామో తెలియదు. మాట్లాడుకోవడం మాకు అలవాటు లేదు. కరెంటు బిల్లు, మనవడి ఫీజు, ఎవరింటి పెండ్లికి ఎంత కట్నం చదివించాలి, మేం మాట్లాడుకునేవి ఇవే. అవి అయిపోయాక నేనే ఊరికే అడిగాను. "నువ్వు వర్లీ సీఫేస్ కాడ ఎప్పుడూ బండి స్లో చేస్తవెందుకు?"

సమ్మె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. "పని దొరికింది" అని కార్డు రాసిన రోజుల్లో పని లేదట. ఎనిమిది నెలలు దొరికిన పూట బరువులు మోశాడు, దొరకని పూట ఖానావళిలో ఉద్దెర. ఆ ఉద్దెరా బంద్ అయిన రోజు రాత్రి వర్లీ గోడ మీద కూర్చున్నాడట. "నీళ్ళలకు చూసుకుంట కూసున్న. ఖోలీకి పోవాలనిపియ్యలె. ఊరికీ పోవాలనిపియ్యలె," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. నేను అడగలేదు. ఒక ఉత్తరాది టాక్సీ అతను బండి ఆపి అగ్గిపెట్టె ఉందా అని అడిగాడట. ఈయన మొహం చూసి ఏమనుకున్నాడో ఏమో, బండిలో ఎక్కించుకుని చాయ్ తాగించాడు. బండి తోలడం నేర్పించింది ఆయనే.

నలభై ఏండ్లు దాటిన సంగతి. నా మొగుడు ఆ రాత్రి ఇంటికి తిరిగి రాకపోయేవాడేమో అన్న సంగతి నాకు అరవై దాటాక తెలిసింది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?"

"యాడ చెప్పాలె?" అన్నాడు. "పర్దకు ఇవతల నువ్వు, అవతల అందరు. తర్వాత తర్వాత చెప్పుడే మరిచిపోయిన."

అలీబాగ్‌లో ఒక అయస్కాంత పరిశోధనశాల ఉంది. అది మొదట ముంబైలో కొలాబాలో ఉండేది. ముంబై ట్రాములకు కరెంటు పెట్టబోతున్నారంటే, ఆ కరెంటుతో పరికరాల లెక్క చెడుతుందని 1904లో దాన్ని ఇక్కడికి మార్చారు. భూమి లోపలి సన్నటి కదలికను పట్టుకోవాలంటే ఊరి గోలకు దూరంగా పోవాలన్నమాట. మనిషి సంగతీ అంతేననిపించింది. ఖోలీలో నలభై అయిదేండ్లు పక్కనే ఉండి వినలేని మాట, వంద కిలోమీటర్ల అవతల పులిహోర డబ్బా మూసేలోపు వినపడింది.

ఇంటికొచ్చి ఈ ప్రయాణం సంగతి చెబితే మావాళ్ళు అన్న మాటలు మూడు. మూడింటికీ జవాబు చెబుతాను.

మొదటిది, "ఆ పైసలతోని ఊరికి పోయి రావచ్చు గదా?" మాకు టోలు, సీఎన్‌జీ, చాయ్, సాయంత్రం తినడం అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. ఊరికి పోతే బస్సు టికెట్లే అంతకన్నా ఎక్కువ, చుట్టాలకు తీసుకుపోయేవి వేరు. ఊరికి పోవద్దని అనడం లేదు. బతుకమ్మకు పోవాలి, అయినవాళ్ళను చూడాలి. కానీ ఊరికి పోతే నేను మళ్ళీ కోడల్ని, ఆయన మళ్ళీ పెద్దకొడుకు. అక్కడా పొలం గొడవా, పంపకాల మాటా. మన సెలవులన్నీ ఊరికే పెట్టి, మనం ఉన్న చోటును బాడుగ ఇల్లులాగే చూశాం. అలీబాగ్ పక్కన నవ్‌గావ్‌లో బెనే ఇజ్రాయెల్ యూదుల స్మారకం ఉంది. ఓడ పగిలి ఆ తీరానికే చేరామని వాళ్ళు చెప్పుకుంటారు. నూనె గానుగలు ఆడించుకుని బతికారు. వాళ్ళ శనివారం వాళ్ళు పాటిస్తూనే ఉన్న ఊళ్ళ పేర్లకు 'కర్' చేర్చి ఇంటిపేర్లు చేసుకున్నారు. తమది వదులుకోలేదు, వచ్చిన చోటును పరాయిదనీ అనుకోలేదు. మనం అంత చేయనక్కర్లేదు. ఏడాదిలో ఒక్కరోజు ఈ తీరానికి ఇస్తే చాలు.

రెండోది, "అందరం కలిసే పోదాం, ఇంకా బాగుంటది గదా?" బాగుంటుంది. కానీ అది వేరే ప్రయాణం. పన్నెండు మంది పోతే నేను తెల్లారి నాలుగింటికి లేచి పన్నెండు మందికి పూరీలు చెయ్యాలి, నీళ్ళ దగ్గర పిల్లలను లెక్కపెట్టుకుంటూ నిలబడాలి. ఆయన పార్కింగ్ చూసుకోవాలి. సముద్రం దగ్గర కూడా ఇల్లే నడుస్తుంది. కొడుకు "నేను డ్రైవ్ చేస్త, మీరు వెనక కూసోండ్రి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. వద్దన్నాం. తండ్రికి బండి తోలడం రాకపోతే డ్రైవర్‌ను మాట్లాడి పంపండి. కారే లేనివాళ్ళకు, వానాకాలం తప్ప గేట్‌వే నుంచి మాండ్వాకు లాంచీలున్నాయి, అక్కణ్నుంచి అలీబాగ్‌కు బస్సు ఉంది. సముద్రమే కావాలనీ లేదు. షోలాపూర్‌లో ఉన్నవాళ్ళు ఏ చెరువు గట్టుకైనా పోవచ్చు. ఇంటి మనిషి చెవికి అందని చోటైతే చాలు.

మూడోది పైకి అనలేదు, నవ్వారంతే. ఈ వయసులో ఏంటని. ఈ వయసులోనే కావాలి. పాతికేండ్లకు చెప్పుకోవాల్సినవి అప్పుడు చెప్పుకోలేదు గనకనే. మా గల్లీలో పోయిన అయిదారేండ్లలో ఎంతమంది మగవాళ్ళు పోయారో లెక్కపెట్టాను. వాళ్ళ సమ్మె రోజులు వాళ్ళతోనే పోయాయి. వాళ్ళ ఆడవాళ్ళకు తెలిసింది "నేను క్షేమం" అన్న కార్డు ఒక్కటే. ఆడవాళ్ళవీ అంతే. బీడీ ఆకుల ముందు తలొంచుకుని మేం మింగిన మాటలు ఆయనకేం తెలుసు? ఆ రోజు తిరిగొచ్చే దారిలో నేనూ ఒకటి చెప్పాను. అది ఇక్కడ రాయను.

పోయేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. కోటకు నడిచేముందు ఆటుపోట్ల వేళలు అక్కడివాళ్ళను కనుక్కోండి, పోటు మనకోసం ఆగదు. కారును ఇసుకలోకి దింపకండి, చక్రం కూరుకుపోయిందంటే ఆ మధ్యాహ్నమంతా దానికే సరి.

ఇప్పుడు చాళ్‌లు పోతున్నాయి. వర్లీ బీడీడీ చాళ్‌ల వాళ్ళకు 2025 ఆగస్టులో మొదటి విడత కొత్త ఇండ్ల తాళంచెవులు ఇచ్చారు. 160 చదరపు అడుగుల్లోంచి 500 అడుగుల్లోకి పోయారు. కామాఠీపురాకూ ఆ మాటే నడుస్తోంది. రానివ్వండి, మాకూ తలుపు వేసుకునే గది కావాలి. కానీ తలుపున్నంత మాత్రాన మాట రాదు. పర్దా వెనుక నేర్చుకున్న మౌనం సామాన్లతో పాటే కొత్త ఇంటికీ వస్తుంది, ఒక గదిలో ఆయనా ఒక గదిలో ఆమే టీవీ చూస్తూ కూర్చుంటారు. ఆ అలవాటు ఇప్పుడే, చాళ్‌లో ఉండగానే పోగొట్టుకోవాలి.

రాత్రి ఎనిమిదింటికి గల్లీలోకి తిరిగొచ్చాం. పక్క ఖోలీ అత్తమ్మ గ్యాలరీలోనే ఉంది. అలీబాగ్ తెల్ల ఉల్లిగడ్డల జడ ఒకటి ఆమె కోసం తెచ్చాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఏం జేసిన్రే పొద్దంత?"

"ఏం లేదత్తమ్మా. కూసున్నం. మాట్లాడుకున్నం."

కాసేపు ఊరుకుంది. మామయ్య లోపల మంచం మీద దగ్గుతున్నాడు. తర్వాత అడిగింది. "కారుల ముసలోళ్ళు కూసుంటే నడుములు గుంజయా?"

"గుంజయత్తమ్మా," అన్నాను. వచ్చే నెలలో ఒక మంగళవారం మా ఆయన వాళ్ళిద్దరినీ తీసుకుపోతున్నాడు. ఆయన మాత్రం బండి దగ్గరే ఉంటానన్నాడు.